కొత్వాలు వేంకటరామారెడ్డి

హైదరాబాదు నగరమునకు పడమటి దెసను మూసీనదిపై నున్న పురానాపూల్ వయస్సున నగరముకంటె పెద్దది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో ఈ వంతెనను గట్టించెను. చార్మినారు లేచినది 1591లో. 22 కమానులు గల ఈ వంతెన గోలకొండ కోటను, కార్వాను సాహుకార్ల వీథులను ఆవలి యొడ్డుతో గలిపినది. రాకుమారుడు ప్రియురాలిని జూచుటకై వరదలో గుఱ్ఱమును దుమికించెననియు, అది విని కలతనొందిన తండ్రి వంతెన కట్టించెననియు జనులు చెప్పుకొను కథ మిక్కిలి యింపైనది. అయినను వంతెన పూర్తియైననాటికి ఆ రాకుమారునకు పండ్రెండు పదుమూడేండ్లకు మించి యుండవు. కథను కథగానే యుంచుదము. 17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ ఈ వంతెనను పారిసు నగరపు వంతెనతో పోల్చదగినదిగా నెంచెను. రాజధాని ద్వారముల కడ కావలివారు క్రొత్తవారి మూటలు విప్పించి ఉప్పును, పొగాకును వెదకుటయు, దరోగా అనుమతి వచ్చుదాక బాటసారి యొకటి రెండు దినములు వెలుపలనే పడియుండుటయు ఆయన వ్రాసిన విషయములే. వేశ్యల పట్టికయు ఆ దరోగాయొద్దనే యుండెడిదట. సుంకము, కావలి, ఊరి నడత, మూడును ఒక్క చేతిలోనివి. అట్టి యధికారమునకే తరువాతి హైదరాబాదులో కొత్వాలు అను పేరు స్థిరపడినది.

ఆ పదవిలో 1920 నుండి 1934 వరకు నుండిన రాజబహద్దరు వేంకటరామారెడ్డి జీవితమును గూర్చి మేము నేడు వ్రాయబూనితిమి. స్వాతంత్ర్యోద్యమమున బుట్టి పెరిగిన పత్రికకు నిజాము కొత్వాలుతో నేమి పనియని కొందరు చదువరులు కనుబొమలు ముడుచుకొందురేమో. ఆ ప్రశ్నయే మమ్ము ఈ వ్యాసమునకు బురికొల్పినది. ప్రజలకు జవాబుదారి కాని ప్రభువును గొలిచిన యొక యారక్షకోద్యోగి తన జాతికి మేలు చేయగలిగెనా, చేసినచో ఆ మేలు కొలువుయొక్క దోషమును గప్పివేయునా యన్నది నిరంకుశ ప్రభుత్వముల క్రింద బ్రదికిన వారందరు నెదుర్కొనవలసిన చిక్కు.

ముందుగా ఆ పదవి పుట్టుపూర్వోత్తరములు కొంచెము తెలియవలయును. కొత్వాలు అను మాట పారసీకమువలె వినబడును గాని, దానికి మూలము కోట్టపాల యను సంస్కృత శబ్దమని పండితులందురు. పేరెట్టిదైనను పని మన దేశమున బహు ప్రాచీనమైనది. కౌటిల్యుని యర్థశాస్త్రమున నాగరకుడను నగరాధికారి యున్నాడు. అతని క్రింద పది, యిరువది, నలువది కుటుంబముల కొక గోపుడుండి ఇంటింటి స్త్రీపురుషుల లెక్కను, వారి జాతి గోత్ర నామములను, వృత్తులను, ఆదాయవ్యయములను గూడ నెరిగియుండవలయును. వేసవిలో నిప్పు భయమునకై యిండ్లముందు నీటికుండలు పెట్టించుట, నీటివసతులను, బాటలను దినదినము పరీక్షించుట, పోయిన వస్తువులను భద్రపరచుట, వీథిలో దుమ్ము పోసినవానికి పణములో నెనిమిదవ పాలు దండుగ వేయుట, అన్నియు నాగరకుని పనులే. దొంగను బట్టుట వీనిలో నొకటి మాత్రమే. అక్బరు కాలమునాటి ఐనే అక్బరీలోను కొత్వాలు ధర్మములు ఇట్టివే: ఇండ్ల పట్టిక, రాత్రి గస్తీ, అంగళ్ల ధరలు, తూనికలు, కొలతలు, దిక్కులేని సొత్తు, ఇష్టములేని స్త్రీని సహగమనమునకు బలవంతపెట్టకుండ కాచుట గూడ.

ఇక మన తెలుగుదేశపు మాట. నాగార్జునకొండ శాసనములలో మహాతలవరులు కానవచ్చుచున్నారు. ఇక్ష్వాకు రాజైన చాంతమూలుని తోబుట్టువు చాంతిసిరి యొక మహాతలవరుని యిల్లాలు. రాజబంధువులు ధరించిన ఆ తలవర పదమే కాలక్రమమున జారి జారి గ్రామపు పొలిమేర కావలి కాయు తలారికి మిగిలినదని చెప్పుదురు. మాటలకును మనుష్యులవలెనే దశలు మారును.

ఆసఫ్‌జాహీల హైదరాబాదులో మాత్రము కొత్వాలు పదవికి మహిమ తరుగలేదు. పంతొమ్మిదవ శతాబ్దపు నడుమ నగరమున అరబ్బు జమాదారులు తమ సొంత చెరసాలలు గూడ నడపిన దుర్దశ యుండెను. మొదటి సాలార్‌జంగు దానిని క్రమముగా నణచి, జిల్లాలలో క్రొత్త పోలీసుశాఖ నేర్పరచెను. అయినను నగరపు కొత్వాలీని జిల్లాలతో గలుపలేదు. జిల్లా పోలీసు వేరొక యధికారి క్రింద నడచెను; నగరపు కొత్వాలు నేరుగా ప్రభువునకే బాధ్యుడు. ఊరిలోని వార్తలను ప్రభువు చెవిని వేయుట అతని నిత్యకృత్యము. మంత్రులు వేచియుండు వాకిటను కొత్వాలు దాటిపోవుచుండెనన్న, ఆ పదవి బలమును చదువరులే యూహించుకొనవచ్చును.

వేంకటరామారెడ్డి 1869 ఆగస్టు 22వ తేదీన వనపర్తి సంస్థానములోని రాయణిపేట గ్రామమున, పటేలు కుటుంబమున జన్మించెను. చిన్ననాడే తల్లిని గోల్పోయి మాతామహి చేతులమీద పెరిగెను. సంస్థానములో దొరకిన చదువు దొరకినంత చదివి, ఉర్దూ పారసీకములను నేర్చెను. నాటి నిజాము రాజ్యమున తెలుగు బాలునకు తెలుగు చదువు అన్నము పెట్టెడిది కాదు. కచ్చేరీలో పలుకు పలుకును ఉర్దూ. ప్రజల సంఖ్యలో సగమునకు దగ్గరగా నున్న వారి భాష కచ్చేరీ గడప వెలుపల చెప్పులతోబాటు విడువవలసినదే.

పోలీసు కొలువులో నున్న యొక ముసల్మాను పెద్దమనిషి యీ బాలుని చురుకుదనము గని యాదరించెను. ఆ యాదరముచే 1886లో రాయచూరు ప్రాంతపు ముద్గల్లున అమీను పని లభించినది. అప్పటి కాతనికి పదునేడేండ్లు. విజయనగర బహమనీ ప్రభువులు పలుమారు కత్తులు దూసిన కోట యది. ఊరి జనుల మాట కన్నడము. దస్తావేజుల మాట ఉర్దూ. అమీను ఇంటి మాట తెలుగు. ఈ మూడింటికిని నడుమ నిలిచి మీసము సరిగా మొలవని బాలుడు నేరముల విచారించుట యెట్లో మన కిప్పుడు వింతగా దోచును. ఆ కాలపు గ్రామములలో అమీను వచ్చెనన్న జనులు కోళ్లను దాచుకొనెడివారు. అతడు దిగుట దేశముఖు గడిలో, భోజనము పటేలింట, సాక్షులను బిలుచుట ఆ యిరువురు చెప్పినట్లు. అట్టి యుద్యోగమున నొకడు మంచిపేరుతో బయటపడుటయే గొప్ప. ఈయన మంచిపేరుతోనే పైకి వచ్చెను. కన్నడ మరాఠీలును నోటికి వచ్చినవి. పలు జిల్లాలలో పనిచేసి, నడుమ వనపర్తి సంస్థానపు వ్యవహారములును జూచి, తుదకు నగరమున నాయబు కొత్వాలుగా ప్రవేశించెను. 1920లో కొత్వాలు ఇమాద్ జంగు మరణించగా ఆ స్థానము ఈయనకు దక్కెను. అమీను పీటనుండి కొత్వాలు గద్దెకు ముప్పదినాలుగేండ్ల నడక. ఆసఫ్‌జాహీ పాలనలో హిందువొకడు హైదరాబాదు కొత్వాలగుట అదియే ప్రథమము. ఉస్మానలీఖాను ప్రభువు పిమ్మట రాజబహద్దరు బిరుదమును గూడ నొసగెను.

ఆయన చేతికి వచ్చిన నగర మెట్టిదో గ్రహింపవలయును. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరదలో వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. మృతులు పదునైదు వేలని యంచనా. కడమ వంతెనలు విరిగినను పురానాపూల్ నిలిచినది. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడి యిఱుకు సందులను విప్పుట కారంభించినది. నదికి పైయెత్తున ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ఉన్నత న్యాయస్థానపు భవనము, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి నదీతీరమున వరుసగా లేచినవి. పాత యూరు కూలి క్రొత్త యూరు లేచు సమయమున కొత్వాలు పని రెండింతలగును. దానిపైని అమీరుల దేవిడీలు, వారి సిపాయిలు, అరబ్బులు, రొహిల్లాలు. పాయిగాల జాగీరులలో వారి న్యాయస్థానములే వేరు. మొహర్రం పీరుల ఊరేగింపు, బోనాలు, ఉరుసు, జాతర. ఎవరి మేళము ఎవరి మసీదు ముందు ఎన్ని గంటలకు ఆగవలయును, ఏ వీథిలో ఎవరు ముందు, ఎవరు వెనుక? ఇట్టి చిక్కులకు శాస్త్రము చాలదు, లాఠీయు చాలదు. ఇరుపక్షముల పెద్దల గడపలెక్కి మాటతో దీర్చవలసినవి. హిందువైన కొత్వాలునకు ఇందు మరియొక కష్టము. హిందువుల పక్షము వహించెనని ముసల్మానులును, ఆ నింద తప్పించుకొనుటకై తమ్ము చిన్నచూపు చూచెనని హిందువులును అనగలరు. పదునాలుగేండ్లు ఆయన ఆ కత్తివాదరమీద నడచెను. ఆ యేండ్లలోనే ఉత్తర హిందూస్థానమున పెక్కు నగరములు మతకలహములతో దగ్ధమైనవని మరువరాదు.

1921 నవంబరులో వేల్సు రాకుమారుడు బొంబాయిలో దిగిననాడు నగరము రక్తసిక్తమైనది. మరుసటి జనవరిలో ఆయన హైదరాబాదునకు వచ్చి వెళ్లినప్పు డట్టిది జరుగలేదు. దీనిని మేము కొత్వాలు ఖాతాలో జమకట్టుటకు కొంచెము సంకోచించుచున్నాము. ఏలయన ఆ నిశ్శబ్దమున నేర్పెంతయో, భయమెంతయో తూచుట కష్టము.

నగరమున కొత్వాలు మాట చెల్లని భాగ మొకటి యుండెను. అదియే రెసిడెన్సీ బజారు, నేటి సుల్తాన్ బజారు ప్రాంతము. ఆంగ్లేయుల రెసిడెంటు కోటి వెంట నున్న ఆ వీథులు 1933 వరకు వారి ఏలుబడిలోనే యుండి, ఆ యేట నిజామునకు మరల దత్తమైనవి. కావున మూసీ దాటి నాలుగడుగులు వేసినచో అధికారమే మారును. దొంగకు నది యనుకూలమే. సభ జరుపుకొనదలచిన దేశభక్తునకును అనుకూలమే. పరప్రభుత్వపు నీడలో మనవారు స్వరాజ్యమును గూర్చి మాటలాడుకొనవలసి వచ్చుట, స్వదేశ ప్రభువు నేలమీద ఆ మాట నేరమగుట, చరిత్ర చేయు పరిహాసములలో నొకటి.

ఇక ఆయన పేరు నిలిపిన పని. 1918లో, అనగా కొత్వాలగుటకు రెండేండ్లు ముందే, వేంకటరామారెడ్డి హైదరాబాదులో రెడ్డి వసతిగృహమును స్థాపించెను. వనపర్తి, గద్వాల మొదలగు సంస్థానములవారి వద్దను, దేశముఖుల వద్దను జోలె పట్టెను. పోలీసు అధికారి జోలె పట్టినచో నిండకుండునా యని యెవరైన నవ్వవచ్చును. నవ్వినను తప్పులేదు, జోలెలోనిది ఎక్కడికి పోయినదన్నదే ముఖ్యము. నిజాము రాజ్యమున నాటికి నూటికి అయిదుగురికైనను అక్షరజ్ఞానము లేదు. ఉన్నత విద్య కావలెనన్న నగరమునకు రావలయును. నగరమున తెలుగు పల్లెల బాలునకు నిలువ నీడ లేదు, చేయి కడుగుకొన నిల్లు లేదు. ఆ యొక్క లోపమే వందలకొలది కుటుంబములను చదువునకు దూరము చేసెను. గదియు, భోజనమును, దీపమును చూపినతోడనే పిల్లలు వచ్చిరి.

వసతిగృహముతో నొక గ్రంథాలయము పెరిగినది. దాని యాజమాన్యమునకు ఆయన ఎన్నుకొన్నవాడు సురవరము ప్రతాపరెడ్డి. ఈ యెన్నిక యొక్కటి చాలును కొత్వాలు చూపెట్టిదో తెలియుటకు. ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరన్న యాక్షేపణకు బదులుగా 354 మంది కవులను గూర్చి గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించినదియు ఈయనయే. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షుడును ఈయనయే. అట్టి పత్రికకు కొత్వాలు అండ యుండెననుట నగరమున నెల్ల రెరిగిన విషయము. పత్రిక నడపిన చేతులకు సంకెలలు వేయవలసిన యధికారి యెవడో, ఆ చేతులకు అన్నము పెట్టినవాడును అతడే.

స్త్రీవిద్య విషయమున ఆయన పూనిక తక్కువది కాదు. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభ్యులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ యవమానమును మనసున బెట్టుకొన్న మాడపాటి హనుమంతరావు 1928లో ఆంధ్ర బాలికల పాఠశాలను నెలకొల్పెను. అందు బోధన తెలుగుననే. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ తప్ప వేరొక బోధనభాషను గుర్తింపదు గనుక ఆ బాలికలు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు బోవలసి వచ్చెను. తన ప్రభువు పేరుగల విశ్వవిద్యాలయము ఒప్పుకొనని పాఠశాలకు ఆ ప్రభువు కొత్వాలే తోడ్పడెను. ధైర్యమన్న నిదియే కాని, ఆర్భాటము లేని ధైర్యము. ప్రభువు నెదుట నిలిచి ధిక్కరించుట కాదు. ప్రభువు చూడక విడిచిన చోట విత్తు చల్లుట.

ఆ విత్తులు ఎట్లు మొలిచినవో చూడుడు. రెడ్డి వసతిగృహమున నుండి చదివినవారిలో రావి నారాయణరెడ్డి యొకడు. 1940 తరువాత నిజాము దొరతనమును, దేశముఖుల పెత్తనమును గదలించిన తెలంగాణ రైతుపోరాటమునకు ఆయన నాయకుడయ్యెను. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి జవాహరులాలు నెహ్రూకంటె నెక్కువ ఓట్లతో లోకసభకు నెగ్గెను. దేశముఖుల విరాళములతో కట్టిన యింట దేశముఖుల గడులపై తిరుగబడినవాడు పెరుగుట విరాళ మిచ్చినవారు కోరినది కాదు. కొత్వాలు గూడ కోరియుండడు. కాని చదువు పెట్టినవాడు చదివినవాని బుద్ధికి కంచె వేయలేడు.

ఈ సేవను పొగడి యూరకున్నచో మా పని సగమే యగును. ఆ గృహము కులము పేరిట లేచినది. దానిని జూచి మిగిలిన కులములవారును తమ తమ పేర్లతో వసతిగృహములు కట్టుకొనిరి. నగరమున విద్యార్థులు కులముల వారిగా భుజించుట నేర్చిరి. ఏ పేరిటనైనను పిల్లలు చదువుకొనుట మేలే యన్నవారి వాదము బలమైనదే; నాటికి ప్రభుత్వము చేయనిది కులము చేసినది. కాని పటేలు కొడుకు నగరమునకు వచ్చి చదివెను; ఆ పటేలు ఇంట వెట్టి చేసిన మాదిగవాని కొడుకు పసులవెంటనే పోయెను. ఆ నగరముననే ఆ కాలముననే భాగ్యరెడ్డివర్మ అంటరానివారని యూరు త్రోసివేసిన బిడ్డలకై పాఠశాలలు నడపుచుండెను. ఆయనకు సంస్థానములు లేవు, జోలె నింపు దేశముఖులు లేరు. మా చదువరులలో భూవసతి గలవారు పెక్కురు గలరు. ఈ రెండు చిత్రములను ప్రక్క ప్రక్కన నుంచి చూడవలసినదిగా వారిని ప్రార్థించుచున్నాము.

అంతకంటె కఠినమైన ప్రశ్న కొలువునకు సంబంధించినది. 1929లో నిజాము ప్రభుత్వము గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువును బయలుపరచెను. ముందుగా అనుమతి లేక సభ జరుపరాదు. ఏమి మాటలాడుదురో, ఎవరు మాటలాడుదురో తెలుపవలయును. గ్రంథాలయ వార్షికోత్సవమునకు, భజనకు గూడ అధికారుల గడప పట్టుకొని వేలాడవలసి వచ్చినది. నగరమున ఇట్టి యుత్తరువులను నడపవలసినది కొత్వాలీయే. గూఢచారుల చీటీలును ఆ కచ్చేరీకే చేరును. వేంకటరామారెడ్డి ఆ యుత్తరువును వ్రాసినవాడు కాడు. కాని వ్రాసిన ప్రభువునకు చేయియైనవాడు. ఆయన మెత్తగా నడపెను, కనుగప్పి విడిచెను అని చెప్పుదురు. మెత్తని చేయి తొలగి కఱకు చేయి వచ్చిననాడు ప్రజలకు శరణ మేది?

ఇచ్చట మేము మన దేశము విడిచి యొక్క యడుగు వెలుపలికి పోవలసియున్నది. ఇదే చిక్కు సముద్రము కావల వేరొక రూపమున గలిగినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1789 సెప్టెంబరు 24వ తేదీని న్యాయస్థానముల చట్టముతో మార్షలు అను కేంద్రోద్యోగులు పుట్టిరి. మొదట పదుమువ్వురు, వాషింగ్టను అధ్యక్షుడే వారిని నియమించెను. మన నాగరకునివలె, కొత్వాలువలె వారికిని చేయని పని లేదు. న్యాయస్థానమునకు గది యద్దెకు దెచ్చుట, సాక్షులకు జూరీవారికి బత్తెము లిచ్చుట, ఖైదీలను గాచుట, సమనులు చేర్చుట వారిదే. 1790 నుండి 1870 వరకు దేశపు జనాభా లెక్కలు తీసినవారును వారే. 1850లో పలాయిత బానిసల చట్టము వచ్చినది. దక్షిణపు దొరల కడనుండి పారివచ్చిన నీగ్రోను పట్టి మరల నప్పగించుట మార్షలు విధియైనది. నిరాకరించినవానికి వేయి డాలర్ల జరిమానా. చేతజిక్కిన బానిస తప్పించుకొన్నచో వాని వెల మార్షలే యిచ్చుకొనవలయును. ఎందరో దయాళువులైన మార్షలులు ఆ చట్టమును జరిపిరి. దయ వారి హృదయమున నుండెను. సంకెల వారి చేతిలో నుండెను.

1838లో బానిసత్వమునుండి పారిపోయిన ఫ్రెడరిక్ డగ్లసు 1877లో రాజధాని వాషింగ్టనునకు మార్షలుగా నియమింపబడెను. పట్టి తేవలసినవాడే పట్టువాడయ్యెను. ఏలయన నడుమ నొక గొప్ప యుద్ధము జరిగి చట్టమే మారిపోయినది. 1960 నవంబరులో న్యూ ఆర్లీన్సు పట్టణమున ఆరేండ్ల నల్లజాతి బాలిక రూబీ బ్రిడ్జెసును తెల్లవారి పాఠశాలకు చేర్చుటకై అరచుచున్న గుంపు నడుమ చుట్టును నడచినవారును మార్షలులే. 1850లోని పదవియే, 1960లోని పదవియే. మార్షలుల గుణము మారెనో లేదో మే మెరుగము. వారి చేతికి వచ్చిన చట్టము మారినది. దానిని మార్చినవారు ప్రజలు, ప్రజల ప్రతినిధులు, న్యాయస్థానములు. నిజాము హైదరాబాదులో ఫర్మానాయే చట్టము. దానిని మార్చుటకు ప్రజలకు దారి లేదు. కావున కొత్వాలునకు మిగిలిన స్వాతంత్ర్యము చట్టముయొక్క అంచులలోని స్వాతంత్ర్యము మాత్రమే. వేంకటరామారెడ్డి ఆ యంచులను గింజకు గింజయు నేరుకొని వాడుకొన్నవాడు. ఆయనను మేము దేశభక్తుల పట్టికలో జేర్చము. ప్రజాద్రోహుల పట్టికలోను జేర్చము. ఆ రెండు పట్టికలతోనే లోకమును గొలుచువారికి ఆయన కొఱకరాని కొయ్యగానే యుండును.

1934లో, తన యఱువదియైదవ యేట, ఆయన కొత్వాలు పదవిని విడిచెను. పిమ్మట ప్రభువు తన సొంత భూములైన సర్ఫెఖాసు వ్యవహారములకు ప్రత్యేకాధికారిగా నియమించెను. కొత్వాలీ చేతివాటముగా చేసిన పనులకు 1348 ఫసలీలో, అనగా 1939 ప్రాంతమున, హైదరాబాదు నగర పోలీసు చట్టము అక్షరరూప మిచ్చినది. ఊరేగింపులు, మేళములు, భోజనశాలలు, వీథుల రద్దీ అన్నియు అందు జేరినవి. రాజ్యము పోయినను ఆ చట్టము పోలేదు. నేటికిని నగరమున ఉత్సవములనాడు పోలీసు కమిషనరు వెలువరించు ప్రకటనలలో ఆ ఫసలీ సంవత్సరము కానవచ్చును.

రజాకార్ల యలజడిని, 1948 సెప్టెంబరున భారతసేన రాకను, తాను కొలిచిన ప్రభుత్వము అయిదు దినములలో కూలుటను ఆయన వృద్ధాప్యమున జూచెను. 1953 జనవరి 25వ తేదీని ఎనుబదిమూడేండ్ల వయస్సున మరణించెను. మరుసటి యేడు నారాయణగూడలో స్త్రీలకై యేర్పడిన కళాశాలకు ఆయన పేరు పెట్టిరి. కొత్వాలు పేరు విన్న తల్లులు ఒకప్పుడు పిల్లలను ఇంటిలోనికి లాగికొని తలుపు గడియ వేసెడివారు. ఆ పేరు చెక్కిన వాకిటికి వారి మనుమరాండ్రు పుస్తకములు పట్టుకొని పోయిరి.